క్రాసు, సైటు, రచయిత

మన కథల్లో బస్సు కోసం ఎదురుచూసే మనుషులకు కొదవ లేదు. కరువు కథ చివర్లో ఎవరో ఒకరు మూటా ముల్లే సర్దుకొని రోడ్డెక్కుతారు. బస్సు వస్తుంది, కథ ముగుస్తుంది. ఆ బస్సు అక్కడే ఎందుకు ఆగింది? ఆగినచోట భూమి ఎవరిది? పదేళ్ళ తర్వాత ఆ భూమి ఎవరి చేతిలో వుంది? ఈ ప్రశ్నలు మన కథలూ వేయడం తక్కువ, మన విమర్శా వేయడం తక్కువ.

రవాణా కూడళ్ళు ఎక్కడ కట్టాలి, వాటి చుట్టూ ఊరు ఎలా పెరగాలి అన్నది ఇంజనీర్ల సంగతి, సాహిత్య పత్రికలో దీని చర్చ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. కౌలు, వడ్డీ, మార్కెట్టు ఎలా పనిచేస్తాయో తెలియకుండా రైతు కథ రాయలేమని మనమే చాలాకాలంగా అంటున్నాం. రోడ్డు పక్క భూమికి కూడా ఆ మాట వర్తిస్తుంది. కాబట్టి ఈ విషయాన్ని మొదటినుంచీ విడమరచి చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఉదాహరణకు దూరం పోనక్కర లేదు. మా కనగానపల్లి చాలు.

క్రాసు అనే మాట

కనగానపల్లి 1985లో మండలాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లాను విడదీసినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఊరికి రైలు లేదు. రైలు కావాలంటే ధర్మవరం పోవాలి. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే జాతీయ రహదారి మాత్రం మండలంలోని మామిళ్ళపల్లి మీదుగా పోతుంది. ఒకప్పుడు దాన్ని 7వ నెంబరు రోడ్డు అనేవాళ్ళం, ఇప్పుడది 44.

మా వైపు ఒక మాట వుంది: క్రాసు. పల్లెదారి పెద్దరోడ్డును కలిసేచోటు క్రాసు. "యాడ దిగినావప్పా?" అంటే "క్రాసుకాడ" అని జవాబు. ఊరి పేరు ముందు, క్రాసు వెనక. రైలుదారి అడ్డం వచ్చినచోట గేటు అంటారు. నాగసముద్రం గేటు ఎన్.ఎస్. గేటై, గేటు మాట ఊరి పేరులో నిలిచిపోయింది. పన్ను వసూలుచేసే కాటాలు వున్నచోట చెక్‌పోస్టు అంటారు. కొడికొండ చెక్‌పోస్టు అలాంటిదే. ఈ పేర్లేవీ దేవుళ్ళవీ కావు, చెరువులవీ కావు. బండి ఆగిన కారణాన పుట్టిన పేర్లు. రవాణా మన భూగోళాన్ని ఎంతగా మార్చిందో ఈ మూడు మాటలే చెబుతున్నాయి. ప్రణాళికాకారులు కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడే "రవాణా కూడలి" మన జనానికి క్రాసు రూపంలో ఎప్పటినుంచో తెలుసు.

అయితే క్రాసుకూ, ప్రణాళిక ప్రకారం కట్టిన కూడలికీ తేడా వుంది. క్రాసులో ముందు బస్సు ఆగుతుంది. తర్వాత టీ బంకు వస్తుంది. తర్వాత పంక్చర్ల షాపు, ఎరువుల అంగడి, ఆ తర్వాత రాళ్ళు పాతిన ప్లాట్లు వస్తాయి. మరుగుదొడ్డి మాత్రం రాదు. నీడా రాదు. ఒక క్రమం లేకుండా పెరిగినట్టు కనిపించే ఈ పెరుగుదలలో ఒక క్రమం వుంది. ఎవరికి లాభమో అది ముందు వస్తుంది. ఎవరికీ లాభం లేనిది, అందరికీ అవసరమైనది, చివరికి కూడా రాదు.

ప్రణాళికాకారులు చెప్పేదేమిటి

రవాణా ఆధారిత అభివృద్ధి అనే ఆలోచనకు ఆ పేరు స్థిరపడింది 1990 దశకంలో. అమెరికన్ వాస్తుశిల్పి పీటర్ కాల్తోర్ప్ 1993లో రాసిన పుస్తకం దానికి ప్రచారం తెచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2017లో దీనిమీద ఒక జాతీయ విధానం ప్రకటించింది. సారాంశం చెప్పడం కష్టం కాదు.

మనిషి బస్సుకో రైలుకో ఎంత దూరం నడిచిపోగలడు? సుమారు 500 నుంచి 800 మీటర్లు. కాబట్టి స్టేషను చుట్టూ ఆ దూరంలో ఇళ్ళు, అంగళ్ళు, బళ్ళు, పనిచేసే చోట్లు దగ్గర దగ్గరగా, పై అంతస్తులతో కట్టనివ్వాలి. దూరంగా పోయేకొద్దీ కట్టడాలు పలచబడాలి. నడిచేవాడికి నీడ, వీధి దీపం, రోడ్డు దాటే వీలు ముందుగా కల్పించాలి. అంతకంటే దూరం నుంచి వచ్చేవాళ్ళను చిన్న బస్సులు, ఆటోలు స్టేషనుకు చేర్చాలి. రైలు వచ్చే వేళకు బస్సు వుండాలి, ఫ్యాక్టరీ షిఫ్టు వదిలే వేళకు రైలు వుండాలి. అప్పుడు సొంత బండి లేనివాడు కూడా బతకగలుగుతాడు. పొలాలమీదికి ఊరు చెల్లాచెదురుగా పాకకుండా ఆగుతుంది.

ఇంతవరకు అభ్యంతరం చెప్పవలసింది ఏమీ లేదు. చిక్కు తర్వాతి మెట్టులో వుంది. స్టేషను కట్టడానికి డబ్బు కావాలి. స్టేషను వల్ల చుట్టుపక్కల భూమి ధర పెరుగుతుంది. ఆ పెరిగిన ధరలో కొంత తిరిగి రాబట్టి స్టేషనుకు పెట్టాలంటుంది విధానం. ఎవరినుంచి రాబట్టాలి, ఎవరికి చెందాలి అనేచోట అసలు కథ మొదలవుతుంది.

భూమి ధర ఎలా పెరుగుతుంది

ఒక లెక్క వేసుకుందాం. ఇది అర్థం కావడానికి వేసుకున్న లెక్కే తప్ప ఏ సర్వే నెంబరుదీ కాదు. క్రాసు పక్క ఒక ఎకరా మెట్ట వుంది. వేరుశనగ పండే భూమిగా దాని ధర 5 లక్షలు. ఇక్కడ బస్సుస్టేషను వస్తుందన్న సంగతి ముందుగా తెలిసినవాడొకడు 8 లక్షలిస్తానంటాడు. మూడు లక్షలు ఎక్కువ వస్తున్నాయని, అప్పు తీరుతుందని, రైతు అమ్ముతాడు. ఎకరాకు నూరు సెంట్లు. దారులకు, ఖాళీ స్థలాలకు 40 సెంట్లు పోయినా 60 సెంట్లు మిగులుతాయి. స్టేషను వచ్చాక సెంటు 2 లక్షలకు పోతే మొత్తం కోటీ ఇరవై లక్షలు. లేఅవుటు ఖర్చు 22 లక్షలు, రైతుకిచ్చిన 8 లక్షలు తీసేస్తే మిగిలేది 90 లక్షలు.

ఈ 90 లక్షలు ఎవరు సృష్టించారు? కొన్నవాడు భూమిలో ఒక గింజ వేయలేదు. భూమి సారం పెరగలేదు. బస్సుస్టేషను ప్రజల డబ్బుతో కట్టారు. బస్సెక్కి దిగే వందలమంది ఆ చోటుకు గిరాకీ తెచ్చారు. సమాజం మొత్తం కలిసి పెంచిన విలువ ఒకడి ఖాతాలోకి పోయింది. ఇక ఆ ఎకరాను కౌలుకు చేస్తున్నవాడి సంగతి ఈ లెక్కలో ఎక్కడా రాలేదు చూడండి. అతనికి వచ్చింది సున్న. పోయింది మాత్రం బతుకుతెరువు.

ఇది కొత్తగా బయటపడిన రహస్యం కాదు. హెన్రీ జార్జ్ 1879లోనే ఈ అనర్జిత విలువమీద పెద్ద పుస్తకం రాశాడు. మార్క్స్ మరణం తర్వాత 1894లో వెలువడిన పెట్టుబడి మూడవ సంపుటంలో కట్టడ స్థలాల కౌలుమీద ఒక అధ్యాయమే వుంది. చోటు కారణంగా వచ్చే ఆదాయం యజమాని శ్రమ నుంచి రాదని, జనం పెరుగుదల నుంచీ చుట్టూ జరిగే నిర్మాణాల నుంచీ వస్తుందని ఆ అధ్యాయం వల్ల తెలుస్తుంది. మన విమర్శకులు ఆ గ్రంథాన్ని పొలానికి అన్వయించినంతగా ప్లాటుకు అన్వయించలేదు.

ఇతర దేశాల అనుభవం

ఈ విలువను ఎవరు తీసుకోవాలన్న ప్రశ్నకు లోకంలో రకరకాల జవాబులు వచ్చాయి.

జపాన్‌లో ఒసాకా దగ్గర కొబయాషి ఇచిజో అనే వ్యాపారి 1910లో ఒక రైలుదారి వేశాడు. దారి పొడవునా పొలాలు ముందే కొని, ఇళ్ళు కట్టి, వాయిదాల మీద అమ్మాడు. ఒక కొసన వున్న తకరాజుక అనే ఊరికి జనం రావాలని అమ్మాయిలతో నాటక సమాజం పెట్టించాడు. దాని మొదటి ప్రదర్శన 1914లో జరిగింది. రెండో కొసన 1929లో స్టేషనులోనే పెద్ద అంగడి తెరిచాడు. సాహిత్య విద్యార్థులు ఇక్కడ గమనించవలసింది వుంది. నేటికీ జపాన్‌లో పేరున్న ఒక నాటక సంప్రదాయం రైలు టికెట్లు అమ్ముడుపోవడం కోసం పుట్టింది. కళకు భౌతిక పునాది వుంటుందని మనం సూత్రంగా చెబుతుంటాం. ఇంత నిక్కచ్చిగా కనిపించే ఉదాహరణలు అరుదు.

హాంకాంగ్‌లో 1975లో ఏర్పడిన మెట్రో సంస్థ మరో దారి తీసింది. స్టేషన్లమీద కట్టుకొనే హక్కును రైలు రాకముందటి ధరకు ప్రభుత్వం దానికి ఇస్తుంది. కట్టుబడిదారులతో కలిసి భవనాలు కట్టి, లాభంలో వాటా తీసుకొని సంస్థ రైలు నడుపుతుంది. సంస్థలో ఎక్కువ వాటా ప్రభుత్వానిదే కాబట్టి పెరిగిన విలువలో పెద్దభాగం ప్రజల ఖజానాకే చేరుతుంది. ఇల్లు మాత్రం సామాన్యుడికి అందనంత ఖరీదైంది.

బ్రెజిల్‌లోని కురితిబా నగరం రైలు జోలికే పోలేదు. 1974 నుంచి బస్సులకే ప్రత్యేక దారులు వేసి, ఆ దారుల వెంటనే ఎత్తు భవనాలు అనుమతించింది. బస్సు అనేది బీదవాడి నాసి సరుకు కాదని, శ్రద్ధపెడితే నగరానికి వెన్నెముక కాగలదని చూపింది. మా ప్రాంతం వంటి చోట్లకు పనికివచ్చే పాఠం ఇదేనని నా అభిప్రాయం.

హైదరాబాదు చెప్పే పాఠం

మన నేలమీద ఈ ప్రయోగం పెద్ద ఎత్తున జరిగింది హైదరాబాదు మెట్రోలో. 2008లో మొదటిసారి టెండరు దక్కించుకున్న మైటాస్ బృందం, తనకు ప్రభుత్వం డబ్బు ఇవ్వనక్కర లేదని, తానే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఇస్తానని ముందుకొచ్చింది. రైలు నడిపి అంత డబ్బు ఎలా ఇస్తారు? ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ఆ ఏడే ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. ప్రభుత్వ భూములను రియల్ ఎస్టేటుకు అప్పగించే ఈ పద్ధతి కుంభకోణానికి దారితీస్తుందని హెచ్చరించారు. సత్యం కంపెనీ వ్యవహారం బయటపడ్డాక, 2009లో ఆ ఒప్పందం రద్దయింది.

2010లో ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం కుదిరింది. అందులోనూ 269 ఎకరాల్లో వ్యాపార భవనాలు కట్టుకొనే హక్కు వుంది. 2017 నవంబరులో రైలు మొదలైంది. 2020 ఫిబ్రవరిలో జూబిలీ బస్‌స్టేషనునూ మహాత్మాగాంధీ బస్‌స్టేషనునూ కలిపే దారి తెరవడంతో 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. ఒప్పందంలోని దారి సుమారు 71 కిలోమీటర్లు. వదిలేసిన ముక్క ఏది? పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా పోయేది. మాల్స్ కట్టినచోట్లు వేరు, దారి తెగిన చోటు వేరు. చివరకు భవనాల ఆదాయం అప్పులకు సరిపోలేదు. మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది.

దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తున్నాయి. భూమి ధర ఎప్పుడూ పెరుగుతూనే వుంటుందన్న నమ్మకంమీద ప్రజారవాణాను నిలబెడితే అది ఇసుకమీద గోడ. రెండవది, స్టేషను ఎక్కడ రావాలో భూమి వ్యాపారం నిర్ణయిస్తే, ఎక్కువ అవసరమున్న బస్తీ చివరికి మిగిలిపోతుంది.

మా సీమ అంచున

ఇప్పుడు మా వైపు చూద్దాం. గుంతకల్లు నుంచి మైసూరు సరిహద్దుకు 1893లో మీటరుగేజి రైలు వచ్చింది. ధర్మవరం జంక్షనైంది, హిందూపురం వ్యాపార కేంద్రమైంది. 1980ల మొదట్లో అది బ్రాడ్‌గేజి అయ్యాక బెంగుళూరు ఇంకా దగ్గరైంది. ఇవాళ మెమూ రైళ్ళలో హిందూపురం నుంచి బెంగుళూరు పనులకు పోయి, మళ్ళీ ఇంటికి చేరే మనుషులున్నారు. అటు బెంగుళూరు తన శివార్ల కోసం 148 కిలోమీటర్ల సబర్బన్ రైలు పథకాన్ని 2020లో మంజూరు చేయించుకుంది. 2022లో శంకుస్థాపన జరిగిన ఆ పని ఇంకా పూర్తికాలేదు. బెంగుళూరు ఎంత పెరిగితే హిందూపురం, పెనుకొండ అంతగా దాని శివార్లవుతాయి. జిల్లా సరిహద్దు, రాష్ట్ర సరిహద్దు దీన్ని ఆపలేవు.

పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం జరిగింది. 2019 డిసెంబరులో ప్రారంభోత్సవమైంది. ఐదువందల ఎకరాలకు పైబడిన స్థలం అది. చుట్టుపక్కల క్రాసుల రూపం దానితో మారింది. అద్దె ఇళ్ళు వచ్చాయి, హోటళ్ళు వచ్చాయి, కొరియా అక్షరాల బోర్డులు వచ్చాయి. ఉద్యోగాలూ వచ్చాయి, కాదనను. అయితే పనివాడు ఫ్యాక్టరీ చేరేది ఎక్కువగా కంపెనీ బస్సులోనో సొంత మోటారు సైకిలుమీదనో. పదిమందికీ పనికివచ్చే రవాణా కూడలిగా ఆ చోటు ఎదగలేదు.

ఇంకా దక్షిణాన లేపాక్షి నాలెడ్జి హబ్ కథ వుంది. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు 2009 ప్రాంతంలో ఒక కంపెనీకి కేటాయించారు. హబ్ అంటే కూడలి. పేరులో కూడలి వుంది, నేలమీద కూడలీ లేదు, ఉద్యోగాలూ లేవు. భూమి బ్యాంకుల తాకట్టులోకీ కోర్టు కాగితాల్లోకీ పోయింది. ఇప్పుడు కొడికొండ దగ్గర నుంచి విజయవాడ వైపు కొత్త ఎక్స్‌ప్రెస్ రహదారి వేస్తున్నారు. అలాంటి రోడ్డు పొలాల మధ్యనుంచి పోయినా, ఎక్కడ పడితే అక్కడ ఎక్కడానికీ దిగడానికీ వీలుండదు. అది ఎక్కే దారి వున్నచోటే రేపటి క్రాసు. ఆ చోటు ఎక్కడన్నది ముందుగా తెలిసినవాడే రేపటి ధనవంతుడు.

క్రాసు ఎలా వుండాలి

కనగానపల్లి వంటి మండలానికి మెట్రో అక్కరలేదు. అక్కరైనవి చిన్నవి. నాలుగు వరుసల రహదారిని ప్రాణాలు అరచేతిలో పెట్టుకోకుండా దాటడానికి కింది దారి. బస్సు రహదారి దిగి ఆగే సర్వీసు రోడ్డు. నీడ, నీళ్ళు, రాత్రిపూట దీపం, ఆడవాళ్ళకు తాళం వేయని మరుగుదొడ్డి. ధర్మవరంలో రైలు వేళలకూ, పెనుకొండలో షిఫ్టు వేళలకూ కుదిరే బస్సులు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో టికెట్టు లేదు. మంచిదే. కాని టికెట్టు లేని బస్సు కూడా ముందు రావాలి, వచ్చినచోటు నుంచి ఇంటికి చీకట్లో నడవగలిగి వుండాలి.

భూమి సంగతి ఇంకా ముఖ్యం. కూడలి చోటు ప్రకటించడానికి ముందే చుట్టూ వున్న సర్వే నెంబర్లు, యజమానులు, కౌలుదార్లు ఎవరో గ్రామసభలో చదివి నమోదుచేయాలి. కొంత భూమి పంచాయతీ పేరునే వుండాలి. అంగళ్ళ బాడుగ పంచాయతీకి రావాలి, ఆ డబ్బుతోనే మరుగుదొడ్డి కడిగే మనిషికి జీతం ఇవ్వాలి. ప్రభుత్వం భూమి సేకరిస్తే 2013 చట్టం, మూడేళ్ళుగా ఆ భూమిమీద బతికే కౌలుదారునూ కూలీనీ కూడా బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. లేఅవుటు వ్యాపారి రిజిస్ట్రేషను చేయించుకుంటే ఆ కౌలుదారుకు అలాంటి గుర్తింపు లేదు. అమరావతిలో 2015లో మొదలైన భూసమీకరణలో యజమానికి అభివృద్ధి చేసిన ప్లాట్లలో వాటా దక్కింది. భూమిలేని కుటుంబానికి మొదట్లో నిర్ణయించింది నెలకు 2,500 రూపాయల పింఛను. పెరిగే విలువలో వాటాకూ, పెరగని పింఛనుకూ మధ్య వున్న దూరమే వర్గాల మధ్య దూరం.

రచయిత చేయవలసిన పని

ఈ మార్పు మన సాహిత్యంలోకి రెండు రకాలుగా వస్తోంది. ఒకటి, ఊరు పోయిందని ఏడ్చే కథ. రెండు, రోడ్డు వచ్చింది కాబట్టి బతుకులు మారాయని మెచ్చుకొనే కథ. మొదటిది కులాన్నీ, కరువునూ, బావి దగ్గర వేరు చేసిన చేదనూ మరిచిపోయి పాత ఊరికి పూలు చల్లుతుంది. క్రాసు దగ్గర టీ తాగిన దళిత యువకుడికి ఆ క్రాసు ఊరికంటే ఎంతో నయమని మరిచిపోకూడదు. అక్కడ గ్లాసు అందరికీ ఒకటే. రెండవది 90 లక్షల లెక్క అడగదు. రెండింటిలోనూ లోపించింది సానుభూతి కాదు, కారణాలను పట్టుకొనే చూపు.

కరువు రచనలో అనంతపురానికి గొప్ప వారసత్వం వుంది. విద్వాన్ విశ్వం పెన్నేటి పాట ఇక్కడిదే. సింగమనేని నారాయణ మా పక్కనే రాప్తాడు మండలంలో పుట్టి, రైతు జీవితాన్ని కథల్లో నిలబెట్టి 2021లో వెళ్ళిపోయారు. ఆ వారసత్వం నిలవాలంటే కరువు తర్వాతి ఘట్టాన్ని కూడా రాయాలి. వాన కురవని పొలం ఒక నష్టం. వాన అక్కరే లేకుండా ధర పెరిగే పొలం ఇంకొక రకం నష్టం. ఈ రెండోదానికి మన దగ్గర ఇంకా సరైన కథన రూపం లేదు. వలస కథలో మనిషి పోతాడు, ఊరు మిగులుతుంది. మెమూ ఎక్కేవాడు రోజూ పోతాడు, రోజూ వస్తాడు. అతను వలస మనిషా, ఊరి మనిషా? తెల్లవారుజామున పోయి రాత్రి వచ్చే తండ్రిని పిల్లలు ఆదివారం మాత్రమే చూసే ఇంట్లో కథ ఏ వేళ నడుస్తుంది? ఇవి వస్తువుకు సంబంధించిన ప్రశ్నలే కాదు, శిల్పానికి సంబంధించినవి కూడా.

భాషలో ఆధారాలు అప్పుడే కనిపిస్తున్నాయి. తాత భూమిని ఎకరాల్లో చెప్పేవాడు. తండ్రి సెంట్లలో చెబుతున్నాడు. కొడుకు బెంగుళూరు పద్ధతిలో "థర్టీ ఫార్టీ సైటు" అంటున్నాడు, అంటే ముప్పై అడుగులకు నలభై అడుగులు. పొలం సైటు అయినప్పుడు గట్టు, చాలు, కల్లం అనే మాటలకు నిలవడానికి చోటుండదు. ఆ మాటల జాబితా రాసుకోవడం నిఘంటుకారుడి పని. ఏ రోజున, ఎంత ధరకు, ఎవరి సంతకంతో ఆ మాటలు ఇల్లు వదిలిపోయాయో చెప్పడం కథకుడి పని. అందుకు ఆ కథకుడు అడంగలు చదవడం నేర్చుకోవాలి, రిజిస్ట్రారు ఆఫీసు అరుగుమీద ఒక పూట కూర్చోవాలి, బస్సు డిపోలో వేళల పట్టిక అడగాలి. మన సంఘం జిల్లా శాఖలు కథల వర్క్‌షాపులు పెట్టేటప్పుడు ఒక రోజు వీటికి కేటాయిస్తే మేలు. కొత్త రహదారి మొదలయ్యే వైపు నుంచే ఆ పని ప్రారంభించవచ్చు. ఎందుకంటే అక్కడ ధరలు ఇంకా మారుతూనే వున్నాయి, కౌలుదారు ఇంకా పొలంలోనే వున్నాడు.